మా మేస్త్రికి పెట్టిన ముద్ద

మా మేస్త్రి పోయాడు. సురంగల్ నుంచి ఆయన భార్య పొద్దున్నే ఫోన్ చేసి, "పటేలా, మీ మేస్త్రి లేడు" అన్నది. గుండెపోటు. దవాఖాన దాకా కూడా పోలేదు. అంత దుఃఖంలోనూ "మా ఆయన" అనలేదు ఆమె, "మీ మేస్త్రి" అన్నది. ఆ మాట నన్ను ఇంకా వదలడం లేదు.

తాగుడు మానాలనుకునేవాళ్ళం మొయినాబాద్‌లో చర్చి వెనక గదిలో ఐతారం ఐతారం కూర్చుంటాం. అక్కడి పేర్లు బయట చెప్పం. అందుకే ఆయన పేరు రాయడం లేదు. గోడలు కట్టే మనిషి. మేస్త్రి అంటే చాలు.

నేను మొదటిసారి పోయిన రోజు అందరూ చాప మీద ఉన్నారు. నేను కింద కూర్చునే మనిషిని కాదు. ఆ మాటే చెప్పాను.

"కూసోకు పటేలా," అన్నాడు మేస్త్రి. "నిలవడే ఇను. కాళ్ళు గుంజితే అవే కూసుంటయి."

గదంతా నవ్వింది. నేను చివరిదాకా నిలబడే ఉన్నాను. మళ్ళీ ఐతారం ఆయన కూడా లేచి నా పక్కన నిలబడ్డాడు. మోకాళ్ళు బాగుండని మనిషి. చూడలేక నేనే కూర్చున్నాను.

మీటింగు నడిపిందీ ఆయనే, గది ఊడ్చిందీ ఆయనే. తర్వాత నడిపే పని నాకు అప్పగించాడు. నాకు సర్పంచ్ అయినంత సంబరం.

"గంత ఉబ్బకు," అన్నాడు. "పెద్దరికమంటే అందరికంటే ముందుగాల వచ్చి చాప పరుసుడు."

తను టీ పోస్తూ వెనక ఉండిపోయాడు. నేను తప్పు మాట్లాడినా నలుగురిలో దిద్దలేదు.

ఒకసారి ఒక ఆటో డ్రైవర్ తాగి వచ్చాడు. వెళ్ళగొడదామని లేచాను. మేస్త్రి నా చెయ్యి పట్టుకున్నాడు. "తాగి గూడ ఈడికే వచ్చిండు సూడు పటేలా." పోయి గడపలో అతని పక్కన కూర్చున్నాడు. మీటింగు అయ్యేదాకా లేవలేదు. ఆ డ్రైవర్ కొన్నాళ్ళు వచ్చాడు, కొన్నాళ్ళు కనబడలేదు.

మూడో రోజు పిట్టకు పెట్టడానికి శ్మశానానికి పోయాం. పోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెడతాం; కాకి ముడితేనే వాళ్ళ మనసు చల్లబడినట్టు. విస్తరిలో అన్నం, కోడికూర, గారెలు వడ్డించారు. మేస్త్రి తమ్ముడు జేబులోంచి క్వార్టర్ సీసా తీశాడు.

"అన్నకు ఒకప్పుడు ఇదంటె పాణం గద," అన్నాడు. పాపం, ప్రేమతోనే.

మేస్త్రి భార్య అడ్డం వచ్చింది. "ఆయన ఇడిసినదాన్ని నేను పెట్టనియ్య."

సీసా జేబులోకి పోయింది. కాకులు చెట్టు మీదే ఉన్నాయి. ఎండ ఎక్కింది. ఒక్కటీ దిగలేదు.

"జెప్తె ఇన్లేదు వదినా. మందు లేకనే ముడ్తలేదు."

ముసలివాళ్ళు తలలూపారు. ఆమె ముఖం చిన్నబోయింది. అంత కష్టపడి మానిన మనిషి చివరికి మందుకే ఆశపడ్డాడని ఊరు అనుకుంటుంది. అది నేను ఓర్వలేను.

"వదినను మంచిగ సూస్కుంట, ముట్టన్నా," అని తమ్ముడు వేడుకున్నాడు. ఎమ్మెల్యేకే దండం పెట్టని నేను కాకికి దండం పెట్టాను. "మీటింగు ఆగది మేస్త్రీ. ఫికర్ జెయ్యకు."

కాకి కదల్లేదు.

అప్పుడు వెనక నుంచి ఆ ఆటో డ్రైవర్ ముందుకు వచ్చాడు. తాగి లేడు. తమ్ముడి జేబు వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకొని విస్తరి ముందు చేతులు జోడించాడు.

"మేస్త్రీ, తాగనని మాటిచ్చుడు నాతోని కాదు. గని వస్త. తాగినా, తాగకున్నా, ఐతారం వస్త."

ఒక కాకి దిగింది. కాకికి మనిషి మాట తెలుస్తుందా అంటే నేను చెప్పలేను. ఆకలేసి ఉంటుంది. గారె ముక్క నోట పట్టుకొని లేచిపోయింది. మేస్త్రి భార్య కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది. అందరూ కాళ్ళు కడుక్కోవడానికి బోరు దగ్గరికి నడిచారు.

డ్రైవర్ రాలేదు. నేను వెనక్కి తిరిగి చూశాను. ఇంకో కాకి, ఇంకోటి వాలి విస్తరిని చిందరవందర చేస్తున్నాయి. అతను జోడించిన చేతులు దించకుండా అక్కడే నిలబడి ఉన్నాడు.