పైకి తెలియని జ్వరం

మా ప్రయోగశాలలో కణాలను పెంచేది వదిన. నాకు స్వయానా వదినేం కాదు, అందరూ అలాగే పిలుస్తారు. పగలంతా కణాలకు మేత, ఇంటికెళ్తే మంచం పట్టిన మామగారికి సేవ. సెలవన్నది ఆవిడ జాతకంలోనే లేదు. అలాంటిది, ఆపరేషన్ చేయించుకోబోతున్న అక్క వారం రోజులు తోడుండమని బతిమాలితే సంచి సర్దుకుంది. మొగుడే ఏ సంగతీ తేల్చకుండా నాన్చుతున్నాడు.

అప్పుడు మేం చూస్తున్నది హెచ్‌ఎస్‌పి సెవెంటీ అనే ప్రోటీన్‌ని. మనందరి ఒంట్లోనూ ఉంటుంది. కణానికి వేడి తగిలితే లోపలి ప్రోటీన్ల మడతలు విడిపోయి, ఒకదానికొకటి అంటుకుని ఉండలు కడతాయి. అలా కాకుండా ఇది పట్టుకుంటుంది. అవి కుదుటపడ్డాక వదిలేస్తుంది. వేడి తగిలితేనే ఇది బాగా పెరుగుతుంది. ఒక పళ్ళెంలో కణాలకు వేడి పెట్టాం, రెండోదాన్ని ముట్టుకోలేదు. తీరా చూస్తే రెండింటిలోనూ అది బోలెడంత ఉంది!

"పళ్ళేలు మార్చేశావా?" మా ప్రయోగశాల పెద్ద, మేడం, వదిన మీద గయ్యిమన్నారు.

వదిన మార్చలేదు. కణాలుండే పెట్టె తలుపు సరిగా పడటం లేదని, పాపం వాటికి చలేస్తుందని, సందులో గుడ్డ కుక్కింది. ఆ గుడ్డ వేడిని కొలిచే తీగను చల్లటి తలుపుకేసి నొక్కేసింది. దాంతో లోపల చల్లగా ఉందనుకుని పెట్టె అదే పనిగా వేడెక్కింది.

"అంటే ఇన్నాళ్ళూ వీటికి జ్వరమే," అన్నారు మేడం.

"చూడ్డానికి నిక్షేపంలా ఉన్నాయి కదా మేడం?" అంది వదిన.

"ఆ ప్రోటీన్ పట్టుకుని ఉంది కాబట్టి."

"ఎన్నాళ్ళని పట్టుకుంటుంది?"

"వదిలే వీలు లేకపోతే కణం ఇంకే పనీ చేసుకోలేదు. చివరికి చచ్చిపోతుంది."

వదిన చేతిలోని గుడ్డను వదలకుండా పట్టుకునే ఉంది. ఆ మొహం చూస్తే నాకు భయమేసింది.

ఇంట్లో జరిగింది మర్నాడు తనే చెప్పింది. మామగారిని పక్కకు తిప్పుతూ మొగుడితో అందట, "నేనేం బాగా లేనండీ. అక్క దగ్గరికి వెళ్తాను."

అతను చెడ్డవాడైతే నాలుగు తిట్టుకునేవాళ్ళం. కాడు, అదే నా మంట. కంగారుగా లేచొచ్చి వదిన నుదుటి మీద చెయ్యి వేశాడు.

"జ్వరమేం లేదే! చల్లగానే ఉంది. అక్కకి ఇంకెవరైనా తోడుంటార్లే."

అప్పుడు వదిన రెండు చేతులూ మామగారి వీపు కిందే ఉన్నాయి. నుదుటి మీది చెయ్యి తోసేయడానికి కూడా వీల్లేకపోయిందట.