పార్కు పేరు

మొన్న వనపర్తిలో ఒక పెళ్లికి పోతే, ఫంక్షన్ హాలు గేటు మీద బంతిపూలతో కూర్చిన మాట చూసి నడుస్తున్నదాన్ని నిలబడిపోయాను. వెనకవాళ్లు వచ్చి తగిలారు. "ఏందమ్మా, తొవ్వల నిలబడ్డవ్" అని ఒకాయన విసుక్కున్నాడు. ఆ మాట ఎక్కడ కనిపించినా నా కాళ్లు ఇలాగే చేస్తాయి. స్వాగతం. దాన్ని నేను మొదటిసారి కూడబలుక్కుని చదివింది కృష్ణ నడుమ ఒక దీవి దగ్గర, పక్కన మా యారాలు ఉండగా.

యారాలు అంటే మా ఆయన అన్న భార్య. ఒకే వాకిట్లో కాపురం చేశాం, ఒకరి చింతపండు ఒకరం వాడుకుంటూ, ఒకరి మీద ఒకరం చాడీలు చెప్పుకుంటూ. ఆమె తల్లిగారి ఊరు శ్రీశైలం డ్యాం నీళ్లలో మునిగింది. ఊరివాళ్లు తలో దిక్కు పోయారు, తోడబుట్టినవాళ్లు వలసపోయిన చోటే కాలం చేశారు. మా దగ్గర పెళ్లయిన ఆడపిల్ల ఎవరూ పిలవందే తల్లిగారింటికి పోదు. అక్కడివాళ్లు ఎవరో ఒకరు రమ్మనాలి. ఆమెను రమ్మనేవాళ్లు ఎవరూ మిగల్లేదు.

మా సంఘం ఆడవాళ్లమంతా ఒకరోజు కృష్ణ ఒడ్డున ఉన్న సోమశిలకు పోయాం. పడవలో దీవికి పోయి, అక్కడి కొత్త పార్కు చూసి, సాయంత్రానికి తిరిగి రావాలని. నాకు అప్పుడప్పుడే అక్షరాలు వస్తున్నాయి. మనవరాలు పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. పళ్లొస్తున్న పిల్ల చేతికందిందల్లా కొరికినట్టు, కనిపించిన బోర్డునల్లా చదివేదాన్ని. యారాలు ఎర్రంచు గద్వాల చీర కట్టుకుని వచ్చింది. పెట్టె అడుగున దాచుకున్న చీర అది. "పార్కుకు గంత చీర ఎందుకక్కా?" అన్నాను. "నువ్వు బోర్డులు సదువుకోపో, నా చీరతోని నీకేం పని" అంది.

పడవ నిండా డీజిల్ పొగ, చేపల వాసన. అందరికీ నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగారు. చీర నలుగుతుందని ఆమె కాసేపు పేచీ పెట్టింది. నది నడుమకు వచ్చాక మాత్రం గొంతు తగ్గించి, పడవ నడిపే అతనితో, "జర మెల్లగ పోనీ బిడ్డా, కింద ఇండ్లున్నయ్" అంది. అతను నవ్వలేదు. మెల్లగానే పోనిచ్చాడు.

దీవి దగ్గరపడగానే ఆమె లేచి నిలబడింది. "ఇది పార్కు గాదే, మా ఊరి గట్టు. ఈడ సీతాఫలాలు తెంపుకొని తింటుంటిమి." ఊరు మునిగాక నీళ్లపైన మిగిలిన గుట్ట అది. ఒడ్డున రంగులు వేసిన కమాను ఉంది. "ఏం రాసిన్రో సూడు" అంది. నేను గాలిలో వేలు ఆడిస్తూ, ఒత్తు దగ్గర తడబడి, గట్టిగానే చదివాను. "అంటే ఏంది?" అంది. మా నోళ్లలో ఎన్నడూ ఆడని మాట. "పార్కు పేరుంటదక్కా" అన్నాను. "మా గట్టుకు గిదేం పేరు" అని ఆమె మళ్లీ కూర్చుంది. "దిగవా?" అంటే, "మోకాళ్లు నొస్తున్నయ్. నువ్వు పోయి సూసి రా" అంది.

పోయి చూశాను. ఉయ్యాలలు, సిమెంటు నెమలి, దాని ముందు ఫోటోల కోసం మావాళ్ల తోపులాట. తిరిగి వచ్చేసరికి ఆమె ఒళ్లో కొంగు సర్దుకుంటూ గట్టు వైపే చూస్తోంది. "పెద్దమ్మ లేసుడు, మల్ల కూసునుడు" అన్నాడు పడవతను నాతో. ఒడ్డు విడిచాక, "నిజం చెప్పక్కా, మోకాళ్లేనా?" అని అడిగాను.

"ఎవరు పిలిచిన్రని దిగాలె?" అంది నవ్వుతూనే. "ఒక్కరు రమ్మన్నా దిగెదాన్ని."

ఆ చీర ఆమె మళ్లీ కట్టలేదు. ఆ వచ్చిన వానాకాలం దాటకుండానే ఆమె కాలం చేసింది. ఆ తర్వాత మనవరాలి వాచకంలో అదే మాట ఎదురైతే, ఇది ఫలానా పార్కు పేరని గొప్పగా చెప్పాను. పిల్ల పడిపడి నవ్వింది. "పార్కు గాదు నాయినమ్మా, రమ్మని పిలుసుడు."

ఆమె గట్టు మీద, ఆమె కళ్లెదుట, అంత పెద్ద అక్షరాలతో పిలుపు రాసి ఉంది. చదివి వినిపించింది నేనే. అక్షరాలు నా దగ్గరికి ఆలస్యంగా వచ్చాయి, వాటి అర్థాలు ఇంకా ఆలస్యంగా వచ్చాయి. అంతవరకూ పడవ ఆగి ఉండలేదు.