జొహారా తలగుడ్డ

యెరూషలేములో, మహనే యెహుదా బజారు వెనక సందులో, జొహారా మా పక్కింట్లోనే ఉండేది. భర్త అమ్రామ్ ఆమెను వదిలేసి తల్లి దగ్గరికి వెళ్ళిపోయాడు గానీ విడాకులు మాత్రం ఇవ్వలేదు. మా యూదుల్లో మొగుడు తన చేత్తో విడాకుల పత్రం ఇస్తే తప్ప ఆడదానికి విడుదల లేదు. జొహారా మతపెద్దల కోర్టు చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగింది. వాళ్ళు నిట్టూర్చి, ఇంకో వాయిదా వేసి పంపేవాళ్ళు.

నాకు కడుపు మండేది ఎక్కడంటే, అన్నాళ్ళూ అందరి కళ్ళూ ఆమె తలగుడ్డ మీదే. పెళ్ళైంది కదా, జుట్టు కనపడకూడదు. చేపలు బేరమాడుతుండగా ఒక పాయ జారితే సాయంత్రానికల్లా సందంతా తెలిసిపోయేది. అమ్రామ్ మాత్రం నల్లటోపీ పెట్టుకుని ప్రార్థనామందిరంలో ముందు వరసలో కూర్చునేవాడు. మగాడి తలమీద టోపీ దైవభయానికి గుర్తంటారు. ఆ టోపీ కింద ఏ భయముందో వాణ్ణి ఒక్కరూ అడగలేదు.

ఒక శనివారం ప్రార్థన జరుగుతుండగా జొహారాయే అడిగింది. మందిరంలో ఆడవాళ్ళు కూర్చునే మేడ దిగి వచ్చి, మా ధర్మగ్రంథం తోరా రాసిన తోలు చుట్టలు ఉంచే బీరువాకి అడ్డంగా నిలబడింది. అన్యాయం జరిగినవాళ్ళు అలా ప్రార్థన ఆపొచ్చని పాత ఆచారం. మగాళ్ళు కసిరారు. ఆమె కదల్లేదు.

"నాకు విడుదలన్నా ఇప్పించండి, వీడి టోపీ అన్నా తీయించండి."

అందరికీ తోరా చదివి వినిపించే యెషూవా అనే ముసలాయన తన ప్రార్థన పుస్తకం మూసి కూర్చున్నాడు. అమ్రామ్ ఉన్న చోట తాను చదవనన్నాడు. వారం వారం అదే మాట. అమ్రామ్ వస్తే జనం మొహం తిప్పుకోవడం మొదలైంది. అప్పటికి దిగివచ్చాడు ఆ మహానుభావుడు.

కోర్టులో ఆమె దోసిట్లో పత్రం పడేశాడు. నేను తోడుగా వెళ్ళాను. బయట వరండాలో నవ్వుతూ అన్నాడు: "ఇక ఆ గుడ్డ పీకెయ్. నువ్విప్పుడు ఎవడి పెళ్ళానివీ కాదుగా."

జొహారా గొంతు పెంచలేదు. "ఇది నీ కోసం కట్టుకున్నాననుకున్నావా? పొద్దున్నే ఇది కట్టుకుంటూ దేవుడితో నాలుగు మాటలు చెప్పుకుంటాను. వాటిల్లో నువ్వెప్పుడూ లేవు."

సంబంధాలు చూసే ఫ్రేహా కూడా అదే పాట పాడింది, తల కప్పుకుంటే వచ్చినవాడు పెళ్ళైనదనుకుంటాడట. అనుకుంటే అనుకోనీ అంది జొహారా. ఇంకా కట్టుకుంటూనే ఉంది.

ఆ ఏడే అమ్రామ్ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. సందంతా వెళ్ళి దీవించి, తిని వచ్చింది. నేను వెళ్ళలేదు.