పసుపు గీత చెరిపిన అక్క

అక్క గరుకు కాగితం మడిచి, బండి వెనక ఇరుసు మీదున్న పసుపు గీతను రుద్దడం మొదలుపెట్టగానే బావ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏయ్, అది మాస్టారు వేసిన గీత."

"ఇరుసు నాది."

మా అక్క సీటు కవర్లు కుడుతుంది. ఇంటి ముందు గదే దుకాణం. అందులో ముప్పాతిక భాగం రెగ్జిన్ చుట్టలు, మిగిలిన చోట మిషను, మిషనుకూ గోడకూ మధ్య ఈ క్వాడ్ బండి. నాలుగు బొద్దు టైర్లు, బైకుకు ఉన్నట్టే హ్యాండిలు, గుర్రమెక్కినట్టు కాళ్లు చెరోవైపు వేసి కూచునే సీటు. కొన్నేళ్ల క్రితం ఊరవతల మట్టి ట్రాకులో బండ్లకు సీట్లు కుట్టివ్వడానికి వెళ్లింది. సరిపోయిందో లేదో చూడమని ఎవరో ఎక్కించారు. దిగమంటే దిగలేదు. ఇప్పటికీ దిగలేదనే చెప్పాలి.

ఆ ట్రాకులో మాస్టారి మాటే చట్టం. ఒకప్పుడు పోటీల్లో ఆయన్ను దాటినవాళ్లు లేరట. మనిషి ఆరడుగుల పైమాటే, దుంగలాంటి ఒళ్లు. కొత్త బండి ఏదొచ్చినా రంగు డబ్బా పట్టుకొచ్చి, వెనక ఇరుసుకు రెండువైపులా పసుపు గీత పెడతారు. వెనక చక్రాలు ఆ గీతల దాకా బయటికి జరగాలి. బండి ఎంత వెడల్పుంటే అంత నిలకడ అని ఆయన నమ్మకం. ఎక్కేది ఎవరైనా గీత ఒకటే.

ఆ గీత ప్రకారమే నడిపిన అక్క, రేకుల షెడ్డు దగ్గరి మలుపులో రెండుసార్లు బోల్తా పడింది. మూడోసారి పడితే పెద్ద పోటీలోంచి తీసేసి, నేర్చుకునేవాళ్ల గుంపులో వేస్తానని మాస్టారు అందరిముందూ అనేశారు. ఇంకొంచెం బయటికి జరుపుకో తల్లీ అని సలహా కూడా పారేశారు. తెల్లారితే పోటీ.

నేనూ ఆయన పక్షమే. చదివింది భౌతికశాస్త్రం, పైగా చిన్నపిల్ల తండ్రిని. కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డవాణ్ని తోసెయ్యడం కష్టం, బండీ అంతే. మా పాపేమో అక్క హెల్మెట్టు తలకెత్తుకుని, గోడలకు గుద్దుకుంటూ గదంతా తిరుగుతోంది.

"అక్కా, చక్రాలు లోపలికి తెస్తానంటున్నావ్. అసలే పడే బండి అది."

"ఎలా పడ్డానో చూశావా నువ్వు?"

"కళ్లు మూసుకున్నాను."

"అయితే నోరూ మూసుకో."

బావ పకపకా నవ్వాడు. ఆయన మందుల షాపులో పనిచేస్తాడు. దెబ్బ తగలకముందే కట్టు గురించి ఆలోచించే మనిషి. ఆ నవ్వులో కూడా భయం వినబడింది.

అక్క ఫోనులో ఒక ఫోటో చూపించింది. తను పడ్డ మలుపులో మట్టి మీద చక్రాల జాడ. "చూడు. హ్యాండిలు తిప్పాను, ముందు చక్రాలు తిరిగాయి. బండి తిరగలేదు. తిన్నగా పోయి అవతలి గట్టెక్కింది. గట్టు మీద పడ్డాను రా, మలుపులో కాదు."

జాడ అదే చెబుతోంది. ముందు టైర్లు మట్టిని పక్కకు గీరుకుంటూ పోయాయి. అప్పుడు వెలిగింది నాకు. ఈ బండ్లకు వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఒకే వేగంతో తిరుగుతాయి. మలుపులో లోపలి చక్రానికి దారి తక్కువ, కాబట్టి అది కాస్త జారాలి, లేదా తేలాలి. రెండూ చెయ్యకపోతే బండి తిన్నగా పోతానని మొండికేస్తుంది. మాస్టారి పొడవుకూ, ఆయన వేగానికీ భారమంతా బయటి చక్రం మీదకు ఒరిగి లోపలిది తేలికవుతుంది. అక్క పొట్టిగా, పుల్లలా ఉంటుంది. అంత వెడల్పులో ఆమెకు లోపలి చక్రం నేలను వదలదు.

"లోపలికి తేవాల్సిందే," అన్నాను. "కానీ కాస్తే. ఎక్కువైతే ఈసారి నిజంగా మలుపులోనే తిరగబడతావు."

"కాస్త అంటే ఎంతో నీ లెక్క చెబుతుందా?"

"దగ్గరదాకా చెబుతుంది. మిగతాది నేల చెప్పాలి."

"పర్లేదు, చదివించినందుకు ఇన్నాళ్లకు పనికొచ్చావు."

బండిని స్టాండు మీదికెత్తి చక్రాలు విప్పింది. ఇరుసు చివరి పెద్ద నట్టు తీసి, చక్రం బిగించే హబ్బుకు లోపలివైపున్న ఉంగరంలాంటి స్పేసరును బయటివైపుకు మార్చింది. హబ్బు ఆ మేరకు లోపలికి జరిగింది. రెండోవైపూ సరిగ్గా అంతే జరిపింది, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. చక్రాలు వేసి, కిందికి దించి, కవర్లు కొలిచే టేపుతోనే టైరు అంచు నుంచి అంచుకు కొలిచింది. తను బిగించిన నట్టును నేను మళ్లీ బిగించాను. నేను బిగించినదాన్ని బావ బిగించాడు.

"గీత ఉంచి కూడా జరపొచ్చుగా," అన్నాడు బావ. "చెరపడం దేనికి?"

"పక్కవాడి సీటుకు కుట్టిన కవరు తెచ్చి మన సీటుకు తొడిగితే ముడతలు పడుతుంది. రోజూ ఆ ముడత చూస్తూ కూచోమంటావా?"

పొద్దున ట్రాకు షెడ్డులో మాస్టారు వంగి చూశారు.

"గీతేదమ్మా?"

"చెరిపేశాను మాస్టారూ."

"నేను బయటికి అంటే నువ్వు లోపలికా?"

"మీ మాట విని రెండుసార్లు పడ్డాను. ఈసారి పడితే నా మాట విని పడతాను."

"అక్కా, అంబులెన్సును మలుపు దగ్గరే పెట్టించమంటావా?" అన్నాడు పక్క బండివాడు.

"ముందు నీ సీటు చిరుగు కుట్టించుకోరా. లోపలి స్పాంజి ఊరందరికీ కనబడుతోంది."

పాపను భుజాల మీద ఎక్కించుకుని మలుపు దగ్గర కంచె అవతల నిలబడ్డాను. జెండా ఊగింది. బండ్లు గుంపుగా దుమ్ము లేపుకుంటూ వచ్చాయి, మధ్యలో అక్క. హ్యాండిలు తిప్పింది. లోపలి వెనక చక్రం నేలను వదిలింది. అది లేవాలని చెప్పింది నేనే. ఎంత లేస్తే చాలో మాత్రం ఆ క్షణాన ఏ సూత్రమూ గుర్తుకు రాలేదు. పాప కళ్లు మూయబోతే నా చెయ్యి తోసేసింది. అక్క ఒళ్లంతా లోపలివైపుకు వేలాడేసింది. చక్రం దిగింది. బండి మలుపు లోపలి అంచు పట్టుకుని తిరిగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత ప్రతి చుట్టూ అంతే. మట్టిగట్టు మీద ఆమె జాడ ఒక్కటీ పడలేదు. మొదటి వరసలోనేమీ రాలేదు. పడకుండా చివరిదాకా బండి మీదే వచ్చింది.

హెల్మెట్టు తీసేసరికి మాస్టారు రంగు డబ్బాతో నిలబడి ఉన్నారు. "సరే, పెద్ద పోటీలోనే ఉండు. నీ కొలత చూపించు, అక్కడే గీత పెడతాను."

"వద్దు మాస్టారూ. వానపడి నేల మెత్తబడితే మళ్లీ మార్చుకుంటాను."

"గీత లేని బండికి నా షెడ్డులో చోటు లేదు. పద్ధతి తెలుసుగా."

"తెలుసు."

అక్క బండి తోసుకుంటూ బయటికి నడిచింది. చెరోవైపు బావా, నేనూ చెయ్యి వేశాం. బయట చెట్టు కూడా లేదు.

"ఇక ఈ ఎండలోనా నీ రిపేర్లన్నీ?" అన్నాడు బావ.

"నీడే కదా. ఇంట్లో రెగ్జిన్ బోలెడుంది, పందిరి కుట్టుకుంటాను."

"ఏ రంగుది అత్తా?" అంది పాప, మళ్లీ హెల్మెట్టులో దూరిపోతూ.

"పసుపు తప్ప నీ ఇష్టమే."