నడికట్టు

నాకు కోపం తొందరగా వస్తుంది. ఆసుపత్రిలో అందరికీ తెలుసు, ఇంట్లో ఇంకా బాగా తెలుసు. అయితే ఆ రోజు నా కోపంలో న్యాయం ఉందని అక్కడున్నవాళ్లంతా అనుకున్నారు. ఇప్పటికీ నాకు మింగుడుపడనిది అదే.

నేను మత్తు డాక్టర్ని. ఆపరేషన్ అయ్యాక రెండు మూడు రోజులు రోగిని కనిపెట్టుకుని ఉండడం కూడా నా పనే. ఒంట్లో నీరు తక్కువైతే కిడ్నీలు మొరాయిస్తాయి, ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో చేరుతుంది. ఈ రెంటిలో ఏది జరుగుతోందో పైకి చూసి చెప్పడం ఎంత అనుభవం ఉన్నా కష్టమే. అందుకే చక్రాల మీద తిరిగే చిన్న అల్ట్రాసౌండ్ మిషన్ మా వార్డుకి రాగానే నా కళ్లు కాస్త నెత్తికెక్కాయి. పక్కటెముకల కింద దాని ప్రోబ్ ఆనిస్తే గుండెకు వెళ్లే పెద్ద సిర కనిపిస్తుంది. ఒంట్లో నీరు చాలకపోతే అది ఊపిరి పీల్చినప్పుడల్లా అణిగిపోతుంది, నిండుగా ఉంటే పెద్దగా కదలదు. "ఏమంటోందండీ మీ టీవీ?" అని మా సర్జన్‌గారు ఆటపట్టించేవారు. చివరికి ఆయనా నా టీవీ చెప్పిందే వినేవారు.

ఆ రోజు రోగిది జాలరిపేట. నలభై లోపు వయసు. గర్భసంచి తీశాం. రక్తం బాగా పోవడంతో బల్ల మీదే రక్తమూ సెలైనూ చాలానే ఎక్కించాం. రెండో రోజు తెల్లవారినప్పటి నుంచి మూత్రం తగ్గిపోయింది. నేను వెళ్లేసరికి పదయింది. మధురవాడలో మా ఇంటి నుంచి వచ్చే దారంతా ట్రాఫిక్, ఇంకా నలుగురు రోగుల్ని చూడాలి. మంచం పక్కన ఆవిడ తల్లి నిలబడి ఉంది, చేపలమ్ముకునే మనిషి. ఆమెను పక్కకి జరగమని, దుప్పటి జానెడు కిందికి లాగి ప్రోబ్ పెట్టాను. సిర అణిగి సన్నగా గీతలా కనిపించింది.

సర్జన్‌గారికి ఫోన్ చేసి, రెండు బాటిల్స్ వేగంగా ఎక్కిస్తానన్నాను.

"ముందు ఒకటి పెట్టి చూద్దామా?" అన్నారు.

"స్పష్టంగా కనిపిస్తోంది సార్," అన్నాను. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అదే ప్రోబ్‌తో ఊపిరితిత్తులు కూడా చూడాలి. రెండు నిమిషాల పని. చూడలేదు.

మధ్యాహ్నం రెండో బాటిల్ అయిపోవస్తుండగా తల్లి వరండాలోకి పరుగెత్తుకొచ్చింది. "డాక్టరమ్మా, నా గుంటకి ఊపిరాడ్నేదు. గొంతులో ఏటో గురగురమంతంది."

వెళ్లేసరికి ఆవిడ మంచం అంచు పట్టుకుని ఎగపోస్తోంది. ఆక్సిజన్ పెట్టించి, ఛాతీ మీద ప్రోబ్ ఆనించాను. తెరంతా పైనుంచి కిందికి తెల్లటి చారలు. ఊపిరితిత్తుల్లో నీరు. సిర చూస్తే పొద్దుటిలాగే అణిగి ఉంది. ఒంట్లో నీరు లేదని సిర, నీట మునిగిపోతున్నామని ఊపిరితిత్తులు. అప్పుడు దుప్పటి మొత్తం లాగేశాను.

బొడ్డు పైనుంచి తుంటి దాకా, ఆపరేషన్ కట్టు మీదుగా, పాత నూలు చీర నాలుగు చుట్లు చుట్టి బిగించి ఉంది. ఆ బిగువుకి కడుపులోని సిర నొక్కుకుపోయింది. మూత్రం తగ్గడానికీ అదే కారణమై ఉంటుంది. నీళ్లు లేక కాదు.

"ఎవరు కట్టారిది?"

"నానే కట్టినానమ్మా. తెల్లారగట్ల బట్ట మార్సినప్పుడు. పొట్ట జారిపోద్దని."

"ఎవరు కట్టమన్నారు నిన్ను? చంపేద్దామనుకున్నావా?" అన్నాను. నాకంటే ఇరవయ్యేళ్లు పెద్దావిడని, వార్డంతా వినేలా.

ముడి విప్పిన కాసేపటికే సిర ఉబ్బి, కదలకుండా నిలబడింది. నీరు లాగే ఇంజెక్షన్ ఇచ్చాం. సాయంత్రానికి మూత్రం సంచి నిండింది, రోగి మామూలుగా మాట్లాడింది. ఈలోపు నర్సులు తలా ఒక మాట అని తల్లిని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. నేను ఎవరినీ వారించలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపడమంటే ఇదే. కాకపోతే ఇక్కడ అత్త కూడా నేనే.

కేస్ షీటులో "బంధువులు పొట్టకు గుడ్డ బిగించి కట్టారు" అని రాశాను. అందులో ఒక్క అబద్ధం లేదు. దుప్పటి తీయకుండా, ఊపిరితిత్తులు చూడకుండా రెండు బాటిల్స్ ఎక్కించమన్నది ఎవరో మాత్రం రాయలేదు. పురుడయ్యాక కట్టే నడికట్టు సంగతి నాకు తెలియనిదీ కాదు. నాకు సిజేరియన్ అయినప్పుడు ఎలమంచిలిలో మా అమ్మ కూడా తన పాత చీర చింపి కట్టింది. వద్దని నేను ఒక్క మాటా అనలేదు. హాయిగానే ఉండేది.

డిశ్చార్జి రోజు లిఫ్ట్ దగ్గర తల్లి నాకోసం నిలబడి ఉంది. నన్ను చూడగానే రెండు చేతులూ జోడించింది.

"నా సేతుల్తో నా గుంటని సంపీసేదాన్ని డాక్టరమ్మా. మీరు సూసి బతికించేరు."

తప్పు నాదని చెప్పాలనే నోరు తెరిచాను. "ఇకమీదట మమ్మల్ని అడక్కుండా ఏమీ చెయ్యకండి," అన్న మాట బయటికొచ్చింది.

"సెయ్యనమ్మా. నా సిన్న కూతురికి వచ్చే నెల పురుడు. దాన్ని మా ఇంటికి తీసుకురాను. నా సెయ్యి మంచిది కాదు, ఆల అత్తనే సూసుకోమని సెప్పీసినాను."

లిఫ్ట్ వచ్చింది. కూతురి చెయ్యి పట్టుకోకుండా, ఒక అడుగు వెనకే లోపలికి వెళ్లింది.

జాలరిపేట మా ఆసుపత్రికి ఆటోలో పావుగంట. కేస్ షీటులో వాళ్ల ఫోన్ నంబరు కూడా ఉంది. ఒక్క మాట చెబితే ఆ చిన్నమ్మాయికి పుట్టింట్లో పురుడు జరిగేది. ఆ నెలంతా రోజూ అనుకున్నాను. వెళ్లలేదు, ఫోనూ చేయలేదు.