నా ఎత్తు బెల్లం

పుట్టినప్పుడు నేను పిడికెడంత ఉన్నానట. తాగిన పాలు తాగినట్టే కక్కేదాన్నట. ఇది బతకదని అందరూ అనేశాక అమ్మ తన పుట్టింటి ఊళ్ళో, హనుమాన్ జంక్షన్ దగ్గర, నరసింహస్వామికి మొక్కుకుంది. "నా బిడ్డ కాస్త ఒళ్ళు చేస్తే చాలు స్వామీ, దాని ఎత్తు బెల్లం తూచి ఇచ్చుకుంటాను."

స్వామి విన్నాడు. మరీ శ్రద్ధగా విన్నాడు.

మొక్కు మాత్రం వాయిదా పడుతూ వచ్చింది. ఓ ఏడాది మైల, ఇంకో ఏడాది నాన్నకు సెలవు లేదు. ఈలోగా మేం విజయవాడ వచ్చేశాం, నేను ఇంటర్‌లో చేరాను, లావయ్యాను. బొద్దుగా కాదు, ముద్దుగా కాదు, లావు. షేర్ ఆటో అతను నన్ను చూడగానే, "అమ్మాయ్, నువ్వు మధ్యలో కూర్చో, పక్కన కూర్చుంటే బండి వాలుద్ది" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు తలుచుకుంటే వాళ్ళ మీద కంటే ఆ నా నవ్వు మీదే ఒళ్ళు మండుతుంది.

బయటివాళ్ళ సంగతి సరే, ఇంట్లో అమ్మ ఉండేది. నేను కంచం ముందు కూర్చుంటే చాలు, ఆవిడ చూపంతా నా చేతి మీదే. "మళ్ళీ అన్నం దేనికే?" "మొన్నేగా కుట్టించింది ఆ జాకెట్టు, అప్పుడే బిగుతా?" ఎవరైనా ఇంటికొస్తే వాళ్ళు అడక్కముందే, "థైరాయిడ్ అండీ దీనికి" అని చెప్పేసేది. నాకు థైరాయిడ్ లేదు. పరీక్ష చేయించారు కూడా. ఏ జబ్బూ లేదని రిపోర్టు వచ్చిన రోజున అమ్మ ముఖం మాడిపోయింది.

చివరికి మా పెద్దమ్మ తేల్చింది. "మొక్కు తీర్చలేదు కదే! అందుకే దాని ఒళ్ళు అలా ఊరిపోతోంది."

అమ్మ ఆ మాట పట్టుకుంది. నేను చచ్చినా కూర్చోనన్నాను. గుడి నిండా జనం చూస్తుండగా తక్కెడలో ఒక పక్క నేను, ఒక పక్క బెల్లమా! కొన్నాళ్ళు మా ఇద్దరికీ మాటల్లేవు. ఓ సాయంత్రం అమ్మే వచ్చి పక్కన కూర్చుంది. "ఈ ఒక్కసారికి కూర్చోవే. ఇంక జన్మలో నీ ఒంటి గురించి నోరెత్తను. ఆ స్వామి మీద ఒట్టు."

ఆ ఒట్టు కోసమే ఒప్పుకున్నాను. భక్తితో కాదు, తగ్గిపోతానన్న ఆశతోనూ కాదు. మా ఇంట్లో నేను ప్రశాంతంగా ఒక ముద్ద తినాలి, అంతే.

పొద్దున్నుంచీ ఉపవాసం ఉంచి, కొత్త మంగళగిరి చీర కట్టించి తీసుకెళ్ళారు. పాపం నాన్న, నా బరువెంతో అడగలేక, ప్రేమకొద్దీ తక్కువే అనుకుని బెల్లం తెచ్చాడు. దిమ్మలన్నీ ఎదుటి పళ్ళెంలోకి చేరాయి. నా పళ్ళెం నేల వదల్లేదు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు. "దిమ్మలేం సరిపోతాయండీ, గానుగే పట్టుకు రావాల్సింది!" అన్నాడు ముందు నిలబడ్డ ఓ పెద్దమనిషి. ఇంక ఆగుతారా? పూజారిగారు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకున్నారు.

నాన్న ఆదరాబాదరా జంక్షన్‌కి వెళ్ళి మళ్ళీ బెల్లం కొనుక్కొచ్చేదాకా నేను గొలుసు పట్టుకుని ఆ పళ్ళెంలోనే కూర్చున్నాను. దూకి పారిపోదామనిపించింది. అమ్మ వేసిన ఒట్టు గుర్తుకొచ్చి ఆగాను. ఈ కాసేపు ఓర్చుకుంటే అయిపోతుందే పిచ్చిదానా, అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఎట్టకేలకు నా పళ్ళెం లేచింది. అందరూ "గోవిందా" అన్నారు. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుని దండం పెట్టింది.

తర్వాత ఆ బెల్లం పగలగొట్టి ప్రసాదం పంచారు. గానుగ పెద్దమనిషి రెండోసారి కూడా చేయి చాపాడు. ఆకలికి నాకు కళ్ళు తిరుగుతున్నాయి. నేనూ చేయి చాపాను. పూజారిగారు ఓ ముక్క పెట్టబోయారు.

అమ్మ నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది.

"దానికొద్దులెండి పూజారిగారూ, అసలే..." అని ఆగింది.

ఒట్టు గుర్తొచ్చి ఆగిందేమోనని ఆవిడ ముఖంలోకి చూశాను. కాదు. నాకు రావాల్సిన ముక్క తన చేతిలో పెట్టించుకుని, కళ్ళకద్దుకుని, నోట్లో వేసుకుంది.