సమ్మయ్య బండికి సోకిన గాలి

2022 వానాకాలం. అశ్వారావుపేట దాటి అడవి మొదలయ్యే చోట, రోడ్డు పక్క రేకుల షెడ్డులో నాది లారీల బ్రేకు పని. పామాయిల్ గెలల బండ్లు, జామాయిల్ కర్ర మోసే లారీలు, ట్రైలర్లు అన్నీ నా షెడ్డు ముందు నుంచే పోతాయి. అప్పటికే ఈ పనిలో ముప్పై ఏళ్లు దాటాయి. నడుము వంగితే లేవదు, లేస్తే వంగదు. పొద్దున్నే బురదలో పడుకుని బండి కిందికి దూరాలంటే ప్రాణం ఉసూరుమనేది.

ఒళ్లునొప్పుల కంటే ఎక్కువ విసిగించేది ఒక మాట. వచ్చినవాడల్లా "జర టైట్ చెయ్ భాయ్" అంటాడు. ఎయిర్ బ్రేక్ అంటే గాలితో పనిచేసే బ్రేకు. డ్రైవర్ పెడల్ తొక్కితే ట్యాంకులోని గాలి ఒక కడ్డీని నెడుతుంది. ఆ కడ్డీ చక్రం లోపలి రెండు షూలను, అంటే నెలవంకల్లా వంగిన రెండు ఇనుప ముక్కలను, తిరిగే డ్రమ్‌కు ఒత్తుతుంది. షూ మీది లైనింగ్, అంటే రాపిడి కోసం బిగించిన మందపాటి పట్టీ, అరిగే కొద్దీ మధ్యలో ఖాళీ పెరుగుతుంది. ఆ ఖాళీని స్లాక్ అడ్జస్టర్ అనే మరతో తగ్గించడమే టైట్ చేయడం. లైనింగే మిగలనప్పుడు ఎంత టైట్ చేసి ఏం లాభం? ఈ సంగతి చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టడమే గానీ వినేవాడు లేడు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే.

సమ్మయ్య మాత్రం టైట్ చేయమని రాలేదు. జామాయిల్ ట్రైలర్ నడిపే పాత డ్రైవర్ అతను, నాకంటే కొంచెం పెద్ద. ఖాళీ బండి పక్కకు ఆపి దిగి, చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. బండి ముందు నిమ్మకాయలు, మిరపకాయలు, నల్లదారం వేలాడుతున్నాయి.

"భాయ్, నీకు ఎరుకైన దర్గా ముజావర్ ఎవలన్న ఉన్నడా? బండికి తాయెత్తు కట్టియ్యాలె."

"నేను బ్రేకులు కట్టేటోణ్ని అన్నా, తాయెత్తులు కాదు. ఏమైంది?"

"గాలి సోకింది."

నాకు నవ్వొచ్చింది. "ఎయిర్ బ్రేక్ బండికి గాలి సోకక ఏం సోకుతది?" అన్నాను. అతను నవ్వలేదు. ముఖం చూస్తే నాలుగు రోజులు జ్వరం పడి లేచినవాడిలా ఉన్నాడు. కూర్చోబెట్టి టీ తెప్పించాను.

అడవి మధ్యలో ఒక వాగు కల్వర్టు ఉంది. అక్కడికి రాగానే బండి ఎడమకు గుంజుతోందట. కొన్నేళ్ల కింద అదే చోట అతని జోడీ డ్రైవర్ యాకయ్య చనిపోయాడు. ఇద్దరూ ఒకే లారీని వంతులవారీగా నడిపేవాళ్లు, ఒకే గిన్నెలో తినేవాళ్లు. టైరు చూద్దామని యాకయ్య ఎడమవైపు దిగాడు. వెనక నుంచి అదుపు తప్పి వచ్చిన బండి అతన్ని కొట్టేసింది.

"వాడు దిగిన దిక్కుకే గుంజుతున్నది భాయ్. పిలుస్తుండు. మొన్న లోడుతోని ముందు టైరు కల్వర్టు అంచు దాక పోయింది. గందుకే ఆడ బ్రేకు మీద కాలు పెట్టుడే బంద్ చేసిన. స్టీరింగ్ బిగబట్టి దాటిస్తున్న. ఇయ్యాల మల్ల లోడు తేవాలె. తిరిగొస్తనో రానో."

నా చేతిలో టీ అట్లాగే ఉండిపోయింది. నిండు లోడు ట్రైలర్‌ను బ్రేకు తొక్కకుండా దింపుతున్నాడు ఈ మనిషి! దయ్యం చంపకపోయినా ఆ దిగుడు చంపుతుంది. కోపమొచ్చింది, భయమూ వేసింది.

"కల్వర్టుకు ముందు దిగుడు ఉన్నది కదా. ఈ రూట్ల ఇంకెక్కడన్న అంత గట్టిగ బ్రేకు తొక్కుతవా?"

ఆలోచించాడు. "లేదు. మిగిలిందంత సాపు రోడ్డే."

"ఈ మధ్య బ్రేకు పని చేపిచ్చినవా?"

"ముందు ఎడమ చక్రంల గ్రీజు కారి షూ ఖరాబైతే, ఓనరు ఆ ఒక్క దిక్కు కొత్తయి ఏపిచ్చిండు."

నాకు సగం అర్థమైంది. వెనక చక్రాలకు చెక్కలు పెట్టి, ముందు కుడివైపు జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టాను. చక్రం, డ్రమ్ విప్పితే లోపల లైనింగ్ అరిగి, దాన్ని బిగించిన రివెట్ల తలలు బయటికొచ్చాయి. డ్రమ్‌కు గీతలు పడ్డాయి గానీ పగుళ్లు లేవు. సమ్మయ్యను పిలిచి అతని వేలితోనే రివెట్లను తడిమించాను.

"బండి గుంజే దిక్కు మంచిగున్నట్టు అన్నా. జబ్బు రెండో దిక్కున్నది. కాడికి ఒకపక్క కోడెను, ఒకపక్క ముసలెద్దును కడితే నాగలి సక్కగ పోతదా? ఎడమ చక్రం ఆగుతున్నది, కుడిది ఆగుతలేదు. గంతే."

సమ్మయ్య చేతిని వెనక్కి తీసుకున్నాడు. ఆ వేలినే చూసుకుంటూ నిలబడ్డాడు.

నేను ఓనరుకు ఫోన్ చేశాను. "కుడిది ఒక్కటే మార్చు, ఎడమది మొన్ననే ఏసినం గద" అన్నాడు. ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకే రకం, ఒకేసారి వేయాలి. లేకపోతే ఒకటి ఎడ్డెమంటే ఒకటి తెడ్డెమంటుంది. "ఒక్క దిక్కే ఎయ్యమంటే నేను ముట్ట. మీ డ్రైవర్ ఇంటికి కాదు, దవాఖానకు పోతడు" అన్నాను. కాసేపు గొణిగి సరేనన్నాడు.

వానలోనే పని సాగింది. షూలను వెనక్కి లాగే రిటర్న్ స్ప్రింగులు తీసి, పాత షూలు విప్పి, షూలను డ్రమ్‌కు నెట్టే కామ్‌ను శుభ్రం చేసి, రెండు వైపులా కొత్త జత ఎక్కించాను. అన్నం తిని పడుకుందామని ప్రాణం లాగుతోంది. కానీ సమ్మయ్య సీట్లో కూర్చుని కూడా తాళం తిప్పడం లేదు. ఇక తప్పదని పక్క సీటు ఎక్కాను. దారిలో చిన్నగా తొక్కించి చూసుకుంటూ పోయాం.

దిగుడు మొదలైంది. అతని కాలు బ్రేకు మీదికి రాలేదు.

"తొక్కు అన్నా."

పెదాలు కదులుతున్నాయి. కాలు కదలడం లేదు.

"నేను గూడ పిల్లలు గల్లోణ్నే. తొక్కు!"

తొక్కాడు. గాలి బుస్సుమంది. బండి గీత గీసినట్టు పోయి, కల్వర్టుకు చాలా ముందే ఆగింది. స్టీరింగ్ ఇసుమంత కూడా తిరగలేదు.

సంతోషపడతాడనుకున్నాను. దిగి, కల్వర్టు గోడ దాకా నడిచి, వాగు వైపు చూస్తూ నిలబడ్డాడు. వెనకే వెళ్లాను.

"సీదా ఆగింది కదన్నా."

"అవ్. సీదానే ఆగింది." తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "భయమైతుండె భాయ్. గని ఈడికి రాంగనే వాడు ఉన్నడనిపిస్తుండె. 'వస్తున్న తియ్ రా' అనుకుంట దాటుతుంటి. ఇగ లేడు గద."

భుజాలు కదిలేలా ఏడ్చాడు. వీపు మీద చెయ్యి వేస్తే గ్రీజు అతని చొక్కాకు అంటింది. కాసేపటికి తనే తేరుకుని, నన్ను షెడ్డు దగ్గర దింపి, లోడుకు వెళ్లాడు. సాయంత్రం అదే దారిన లోడుతో తిరిగొచ్చి, షెడ్డు ముందు హారన్ కొట్టి పోయాడు.

బండి ఒక దిక్కు గుంజితే రెండో దిక్కు చూడాలని నాకు ముందే తెలుసు. ఆ రోజు నేర్చుకున్నది వేరే. ఇప్పుడు ఎవరైనా వచ్చి బండికి గాలి సోకిందంటే నవ్వను. ఎక్కడ గుంజుతోందని అడుగుతాను, చక్రం విప్పుతాను, షూలు జతగా మారుస్తాను. పని అయ్యాక, ఎంత అలసటగా ఉన్నా, బండి తీయనివ్వకుండా ఒక టీ తెప్పించి, పోయిన మనిషి ఎవరని అడుగుతాను.